పోర్ట్ 8888 తెరిచే ఉంది, అయినా వీఎండీలో అణువులు కదలడం లేదు

లైసీన్23

అందరికీ నమస్కారం. మూడు రోజుల నుంచి ఒకే చోట ఆగిపోయాను, దయచేసి ఎవరైనా ఒకసారి చూడండి.

ఒక ప్రొటీన్, దాని పాకెట్‌లో లైగండ్ (ప్రొటీన్‌కి అతుక్కునే చిన్న అణువు), చుట్టూ నీళ్లు, ఇదీ నా సిస్టమ్. అణువుల కదలికల్ని లెక్కించే గ్రోమాక్స్‌ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో క్లస్టర్ (కలిపి వాడే కంప్యూటర్ల గుంపు, ఒక్కోదాన్ని నోడ్ అంటారు) మీద నడుపుతున్నాను. రన్ నడుస్తుండగానే నా ల్యాప్‌టాప్‌లో వీఎండీ (అణువుల్ని బొమ్మగా చూపించే ప్రోగ్రామ్) తెరిచి లైవ్‌గా చూడాలని, వీలైతే లైగండ్‌ని మౌస్‌తో పట్టుకుని పాకెట్‌లోంచి కొంచెం బయటికి లాగి చూడాలని నా ప్రయత్నం. ఇంటరాక్టివ్ మాలిక్యులర్ డైనమిక్స్, అంటే ఐఎండీ, ఉన్నదే దీనికోసం కదా. ఎండీపీ ఫైల్లో (గ్రోమాక్స్ సెట్టింగుల ఫైలు) ఐఎండీ గ్రూప్ ఇచ్చాను, ఎండీరన్‌కి (రన్ నడిపే కమాండ్) ఐఎండీవెయిట్, ఐఎండీపుల్ స్విచ్‌లు రెండూ పెట్టాను. పోర్ట్ (ప్రోగ్రామ్ కనెక్షన్ల కోసం వినే నంబర్) జోలికి వెళ్లలేదు, డిఫాల్ట్ 8888 అలాగే ఉంచాను. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరపు మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) క్లస్టర్‌లోకి వెళ్లేటప్పుడు క్యాపిటల్ ఎల్ ఆప్షన్‌తో 8888:లోకల్‌హోస్ట్:8888 అని టన్నెల్ (ల్యాప్‌టాప్ పోర్ట్‌ని ఎస్ఎస్‌హెచ్ గుండా అవతలి పోర్ట్‌కి కలిపే దారి; లోకల్‌హోస్ట్ అంటే ఆ మెషీనే) కూడా ఇచ్చాను.

వీఎండీ కన్సోల్‌లో ఐఎండీ కనెక్ట్ లోకల్‌హోస్ట్ 8888 అని కొడితే వెంటనే ఎర్రర్ రాదు. కొన్ని సెకన్లు అలాగే ఉండిపోయి, ఆ తర్వాత కనెక్ట్ కాలేదంటుంది. పోర్ట్ మూసి ఉందేమో అని నెట్‌క్యాట్‌తో (పోర్ట్‌కి కనెక్ట్ అయి చూసే చిన్న టూల్) చూశాను, సక్సీడెడ్ అనే వస్తోంది. అటు గ్రోమాక్స్ లాగ్‌లో 8888 మీద కనెక్షన్ కోసం వింటున్నానన్న లైన్ దగ్గరే ఆగి ఉంది, ఎవరూ వచ్చినట్టు లేదు. వెయిట్ పెట్టాను కాబట్టి కనెక్షన్ వచ్చేదాకా ఒక్క స్టెప్పు కూడా వేయదు, నాకు కేటాయించిన గంటలు అలా కరిగిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

బీటాషీట్

క్లస్టర్ ఫైర్‌వాల్ అయ్యుంటుంది. చాలా చోట్ల ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ 22 తప్ప మిగతావన్నీ మూసేస్తారు. 8888 తెరవమని అడ్మిన్‌కి మెయిల్ పెట్టండి.

ఇంకొకటి చూసుకోండి. గ్రోమాక్స్‌లో ఐఎండీవెయిట్, ఐఎండీటర్మ్, ఐఎండీపుల్, ఈ మూడింట్లో ఒక్కటైనా ఇస్తేనే ఐఎండీ ఆన్ అవుతుంది. ఎండీపీలో గ్రూప్ ఇచ్చినంత మాత్రాన పోర్ట్ తెరవదు. మీరు రెండు ఇచ్చారు కాబట్టి ఆ సమస్య లేదు, కానీ తర్వాత ఈ థ్రెడ్ చదివేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

సాకెట్‌మిత్ర

లైసీన్ గారూ, మెయిల్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీరు రాసిన లక్షణాలు ఫైర్‌వాల్‌వి కావు.

పోర్ట్ సమస్య ఎలా ఫెయిల్ అవుతోందో సరిగ్గా చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కొట్టిన వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే (లైనక్స్‌లో ఎర్రర్ 111, మ్యాక్‌లో 61, విండోస్‌లో 10061) మీ ప్యాకెట్ ఆ మెషీన్ దాకా వెళ్లింది, అక్కడ ఆ నంబర్ మీద వినే ప్రోగ్రామ్ లేదు అని అర్థం. కొన్ని ఫైర్‌వాల్స్ కూడా ఇలా తిప్పి కొడతాయి కానీ తక్కువ. చప్పుడు లేకుండా చాలాసేపు ఆగి టైమ్డ్ అవుట్ అని వస్తే (110, 60, 10060) దారిలో ఎవరో ప్యాకెట్‌ని పడేస్తున్నారు, ఇది ఎక్కువగా ఫైర్‌వాల్ పని. మీది ఈ రెండూ కాదు. కనెక్షన్ కుదిరింది, మాట కలవలేదు. అంటే ఆ 8888 మీద ఎవరో ఉన్నారు. అది గ్రోమాక్సేనా అన్నది మనం ఇంకా చూడలేదు.

ఐఎండీలో ముందు మాట్లాడేది సిమ్యులేషన్ వైపే. కనెక్షన్ రాగానే అది 8 బైట్ల హ్యాండ్‌షేక్ (మొదటి పలకరింపు సందేశం) పంపుతుంది. మొదటి నాలుగు బైట్లు సందేశం ఏ రకమో చెబుతాయి, హ్యాండ్‌షేక్‌కి 4. తర్వాతి నాలుగు ప్రోటోకాల్ వెర్షన్, అది 2. ఈ వెర్షన్ నంబర్‌ని కావాలనే బైట్ల వరుస మార్చకుండా పంపిస్తారు, దాన్ని చూసే వీఎండీ అవతలి మెషీన్ బైట్లని ఏ వరుసలో పెడుతుందో తెలుసుకుంటుంది. మామూలు ఇంటెల్, ఏఎండీ నోడ్ అయితే హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు) 00 00 00 04 02 00 00 00 అని రావాలి. ఆ తర్వాతే వీఎండీ గో అంటుంది, అప్పుడు కోఆర్డినేట్లు మొదలవుతాయి.

కాబట్టి నెట్‌క్యాట్‌తో తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూస్తే చాలదు. కనెక్ట్ చేసి, ఏమీ టైప్ చేయకుండా ఐదారు సెకన్లు ఆగండి, వచ్చేదాన్ని హెక్స్‌డంప్‌లోకి (బైట్లని హెక్స్‌లో చూపించే కమాండ్) పంపండి. ఆ 8 బైట్లు రాకపోతే అక్కడ కూర్చున్నది గ్రోమాక్స్ కాదు. తర్వాత మీ ల్యాప్‌టాప్‌లోనే 8888 ఎవరి చేతిలో ఉందో చూడండి. లైనక్స్ అయితే ఎస్‌ఎస్ కమాండ్‌కి ఎల్, టీ, ఎన్, పీ అక్షరాలు కలిపి కొట్టండి, మ్యాక్ అయితే ఎల్ఎస్ఓఎఫ్, విండోస్ అయితే నెట్‌స్టాట్‌కి ఏ, ఎన్, ఓ ఇచ్చి వచ్చిన పీఐడీ (ప్రాసెస్ గుర్తింపు) నంబర్‌ని టాస్క్ మేనేజర్‌లో వెతకండి.

ఒక అనుమానం. మీ ల్యాప్‌టాప్‌లో జూపిటర్ నోట్‌బుక్ (బ్రౌజర్‌లో పైథాన్ కోడ్ రాసి నడిపే టూల్) ఏమైనా తెరిచి ఉందా? దాని డిఫాల్ట్ పోర్ట్ కూడా 8888.

లైసీన్23

సాకెట్‌మిత్ర గారూ, సరిగ్గా అదే!

మీరు చెప్పినట్టు కనెక్ట్ చేసి ఊరుకున్నాను, ఒక్క బైటు కూడా రాలేదు. విసుగొచ్చి ఏదో టైప్ చేసి ఎంటర్ కొడితే హెచ్‌టీటీపీ 400 బ్యాడ్ రిక్వెస్ట్ అని వచ్చింది. గ్రోమాక్స్ హెచ్‌టీటీపీలో ఎందుకు మాట్లాడుతుంది అని ఎల్ఎస్ఓఎఫ్ చూస్తే పైథాన్ ప్రాసెస్. పోయిన వారం గ్రాఫుల కోసం తెరిచిన జూపిటర్. బ్రౌజర్ ట్యాబ్ మూసేశాను కానీ సర్వర్ వెనకాల నడుస్తూనే ఉంది. ఇన్ని రోజులూ వీఎండీ వెళ్లి జూపిటర్‌తో హ్యాండ్‌షేక్ కోసం ఎదురుచూస్తోంది, జూపిటర్ ఏమో వీఎండీ రిక్వెస్ట్ పంపుతుందని ఎదురుచూస్తోంది.

ఎస్ఎస్‌హెచ్ తెరిచిన టెర్మినల్‌లో పైకి స్క్రోల్ చేస్తే అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్, 8888 మీద వినలేను అన్న లైన్లు అక్కడే ఉన్నాయి. వెంటనే క్లస్టర్ స్వాగత సందేశం పెద్దగా రావడంతో అవి పైకి వెళ్లిపోయాయి, నేను చూడలేదు. టన్నెల్ అసలు ఏర్పడనే లేదు, లాగిన్ మాత్రం అయిపోయింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ వైపు పోర్ట్‌ని 18888 చేసి మళ్లీ లాగిన్ అయ్యాను. టన్నెల్ ఏర్పడింది. కానీ వీఎండీలో 18888కి కనెక్ట్ కొడితే వెంటనే ఊడిపోతోంది, ఎస్ఎస్‌హెచ్ విండోలో చానల్ ఓపెన్ ఫెయిల్డ్, కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తోంది. ఇది ముందుకి వెళ్లడమేనా?

సాకెట్‌మిత్ర

ముందుకే. ఇప్పుడు ఎర్రర్ ఇస్తున్నది మీ ల్యాప్‌టాప్ కాదు, అవతలి వైపు. టన్నెల్ లైన్‌లో మధ్యలో లోకల్‌హోస్ట్ అని రాశారు కదా, ఆ పేరుని అర్థం చేసుకునేది మీ ల్యాప్‌టాప్ కాదు, మీరు లాగిన్ అయిన మెషీన్. అంటే లాగిన్ నోడ్ తన 8888ని తానే తట్టి చూసుకుంటోంది, అక్కడ ఎవరూ లేరు. మీ ఎండీరన్ నడుస్తున్నది కంప్యూట్ నోడ్ (లెక్కలు చేసే వేరే మెషీన్) మీద. క్యూలో మీ జాబ్ వివరాలు చూసి ఏ నోడ్ దొరికిందో తెలుసుకోండి, మధ్యలో లోకల్‌హోస్ట్ తీసేసి ఆ నోడ్ పేరు పెట్టండి. జాబ్ ఒకటికంటే ఎక్కువ నోడ్ల మీద ఉంటే మొదటి ర్యాంక్ (జాబ్‌లోని మొదటి ప్రాసెస్) ఉన్న నోడ్ కావాలి, పోర్ట్ తెరిచేది అదొక్కటే.

టన్నెల్‌తో ఇంకో మోసం ఉంది. టన్నెల్ ఏర్పడిందంటే మీ ల్యాప్‌టాప్ చివర ఎస్ఎస్‌హెచ్ ఎప్పుడూ తలుపు తీసే ఉంచుతుంది. అవతల సిమ్యులేషన్ ఉన్నా లేకపోయినా నెట్‌క్యాట్‌కి సక్సీడెడ్ అనే వస్తుంది. కాబట్టి టన్నెల్ ఉన్నప్పుడు పోర్ట్ తెరిచి ఉందా అన్న టెస్టుని అస్సలు నమ్మకండి. 8 బైట్లు వచ్చాయా లేదా, అదే చూడండి.

ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్ అనే ఆప్షన్‌ని యెస్ చేసి పెట్టుకోండి. టన్నెల్ కుదరకపోతే లాగిన్ కూడా కాకుండా ఆగిపోతుంది. మీ మూడు రోజులూ ఆ ఒక్క లైనుతో మిగిలేవి.

బీటాషీట్

ఫైర్‌వాల్ అని నేను తొందరపడ్డాను, లక్షణాలు చదవకుండా చెప్పేశాను. క్షమించండి లైసీన్.

నామ్‌డీ (గ్రోమాక్స్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం నా అనుభవం కలుపుతాను. అక్కడ కాన్ఫిగ్ ఫైల్లో ఐఎండీఆన్, ఐఎండీపోర్ట్, ఐఎండీఫ్రీక్, ఐఎండీవెయిట్ ఉంటాయి. ట్యుటోరియల్స్‌లో పోర్ట్ 3000 అని ఇస్తారు, అందరూ అదే కాపీ చేస్తారు, ఇద్దరు ఒకే నోడ్ మీద పడితే రెండో వాళ్లది గొడవ. అందుకే కాన్ఫిగ్‌లో మీరు ఏం రాశారో చూసి ఊరుకోకుండా లాగ్‌లో అది నిజంగా ఏ పోర్ట్ మీద వింటున్నానంటోందో చదవండి. నేను ఒకసారి గంటన్నర 3000ని తట్టాను, లాగ్‌లో వేరే నంబర్ ఉంది.

ల్యాంప్స్‌లో (ఇదీ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరే) ఫిక్స్ ఐఎండీ లైన్‌లోనే పోర్ట్ నంబర్ ఇవ్వాలి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా 1024 కంటే తక్కువ నంబర్ ఇవ్వకండి, యూనిక్స్ తరహా మెషీన్లలో వాటికి మామూలుగా రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి.

హీమ్‌రింగ్

నాదీ పోర్ట్ గొడవే, కానీ క్లస్టర్ లేదు, అంతా ఒకే విండోస్ మెషీన్. వేరే థ్రెడ్ తెరవాలా, ఇక్కడే అడగొచ్చా? ఇక్కడే అడిగేస్తున్నా, తప్పయితే మార్చండి.

పైమాల్‌ని (వీఎండీ లాగే అణువుల్ని చూపించే ప్రోగ్రామ్) హైఫన్ క్యాపిటల్ ఆర్‌తో తెరిస్తే ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ సర్వర్ (బయటి ప్రోగ్రామ్ నుంచి కమాండ్లు తీసుకునేది) మొదలవుతుంది కదా, పోర్ట్ 9123. పైథాన్ స్క్రిప్ట్ నుంచి దానికి డాకింగ్ పోజులు (లైగండ్ పాకెట్‌లో ఎలా కూర్చోవచ్చో చూపే అమరికలు) ఒక్కొక్కటే పంపి బొమ్మలు తీసుకుంటాను. నెల రోజులు బాగా నడిచింది. ఈ వారం నుంచి స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా అయిపోతోంది, కానీ పైమాల్ విండోలో ఏమీ లోడ్ అవదు. ఒక్కోసారి లోడ్ అవుతుంది. రెండోసారి నడిపితే అవదు. ఎర్రర్ ఉంటే వెతకడానికి ఏదైనా దొరుకుతుంది, ఇక్కడ ఎర్రరే లేదు.

స్ఫటిక

ఒకప్పుడు నాకూ ఇదే వచ్చింది. మీ మెషీన్‌లో రెండు పైమాల్‌లు నడుస్తున్నాయి, ఒకటి మీకు కనిపించడం లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి.

ఎందుకంటే, పైమాల్ ఆర్‌పీసీ కోడ్ 9123తో మొదలుపెట్టి, అది దొరక్కపోతే తర్వాతి నంబర్లకి వెళ్తుంది, మొత్తం ఐదు పోర్టులు ప్రయత్నిస్తుంది. లైనక్స్‌లో రెండో పైమాల్ బుద్ధిగా 9124కి వెళ్లిపోతుంది. విండోస్‌లో అలా కాదు. పైథాన్‌లోని సింపుల్ ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ సర్వర్ రీయూజ్ అడ్రస్ అనే సాకెట్ ఆప్షన్‌ని ఆన్ చేసి ఉంచుతుంది. లైనక్స్‌లో ఆ ఆప్షన్‌కి అర్థం, పాత కనెక్షన్ల అవశేషాలు టైమ్ వెయిట్‌లో (మూసుకున్నాక కాసేపు ఆగే స్థితి) ఉన్నా సరే ఆ పోర్ట్ మళ్లీ ఇవ్వు అని. విండోస్‌లో అర్థం, ఇంకో ప్రోగ్రామ్ అదే పోర్ట్ మీద ఇప్పుడు వింటున్నా సరే నాకూ ఇవ్వు అని. అందువల్ల రెండు పైమాల్‌లూ 9123 నాదే అనుకుంటాయి, ఎవరికీ ఎర్రర్ రాదు, వచ్చిన రిక్వెస్ట్ ఎవరికి వెళ్తుందన్న దానికి గ్యారంటీ లేదు. మీ పోజులన్నీ కనిపించని ఆ పాత పైమాల్‌లో లోడ్ అవుతూ ఉండొచ్చు.

పాతదాన్ని చంపేసి మళ్లీ చూడండి. రెండూ కావాలంటే రెండోదాన్ని హైఫన్ ఆర్ లేకుండా తెరిచి, లోపల పైమాల్ డాట్ ఆర్‌పీసీ మాడ్యూల్‌లోని లాంచ్ ఎక్స్‌ఎంఎల్ఆర్‌పీసీ ఫంక్షన్‌కి మీరే పోర్ట్ నంబర్ ఇవ్వండి, 9200 లాంటిది, 9123 దగ్గరలో వద్దు.

హీమ్‌రింగ్

స్ఫటిక మేడమ్, ఒకటి కాదు, మూడు ఉన్నాయి! స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయినప్పుడల్లా విండో పోయి ప్రాసెస్ మిగిలిపోయింది. మూడింటినీ తీసేశాను, ఇరవై సార్లు నడిపాను, ఇరవై సార్లూ వచ్చింది. చాలా థ్యాంక్స్ అండి.

స్ఫటిక

మంచిది. ఎలాగూ ఇటు వచ్చాను కాబట్టి కైమెరాఎక్స్‌తో (ఇదీ అణువుల్ని చూపించే ప్రోగ్రామే) నేను పడ్డ రెండు తిప్పలు కూడా రాసేస్తాను, ఎవరైనా వెతికితే దొరుకుతాయి.

కైమెరాఎక్స్‌లో రిమోట్‌కంట్రోల్ రెస్ట్ స్టార్ట్ అనే కమాండ్ ఇస్తే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ మొదలవుతుంది, బయటి స్క్రిప్ట్ నుంచి కమాండ్లు పంపొచ్చు. పోర్ట్ ఇవ్వకపోతే ఖాళీగా ఉన్నది ఏదో ఒకటి తనే తీసుకుని లాగ్‌లో చెబుతుంది. స్క్రిప్ట్‌కి స్థిరమైన నంబర్ ఉంటే సులువని నేను 50960 ఇచ్చాను. చాలా రోజులు పనిచేసింది. ఒకరోజు మెషీన్ రీస్టార్ట్ అయ్యాక ఎర్రర్ 10013 వచ్చింది, అనుమతి లేదట. నెట్‌స్టాట్‌లో చూస్తే ఆ పోర్ట్ ఎవరి దగ్గరా లేదు. ఖాళీగా ఉన్న పోర్ట్‌కి అనుమతి ఏమిటి అని రెండు రోజులు యాంటీవైరస్‌ని అనుమానించాను, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి తేలింది ఏమిటంటే, హైపర్-వీ (విండోస్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే భాగం) ఆన్‌లో ఉన్న విండోస్ కొన్ని పోర్టుల గుంపులని ముందే పక్కన పెట్టేసుకుంటుంది. డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లో లైనక్స్), డాకర్ పెట్టుకున్నవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. అవి నెట్‌స్టాట్‌లో కనిపించవు. రీస్టార్ట్ చేసినప్పుడు ఆ గుంపులు మారొచ్చు, అందుకే నిన్న పనిచేసిన నంబర్ ఇవాళ పనిచేయదు. నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్ ప్రోటోకాల్=టీసీపీ అని కొడితే పట్టిక వస్తుంది, మీ నంబర్ ఏ వరుసలోనైనా పడిందేమో చూసుకోండి. గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదీ: ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే మామూలుగా వచ్చేది 10048, ఇలా పక్కన పెట్టి ఉంటే 10013.

అసలు 50960 ఎంచుకోవడమే నా పొరపాటు. 49152 నుంచి 65535 దాకా విండోస్ బయటికి వెళ్లే కనెక్షన్లకి తాత్కాలికంగా పంచే పోర్టులు. లైనక్స్‌లో అది 32768 నుంచి 60999. మీ బ్రౌజర్ ఏదో సైట్‌కి వెళ్తూ ఆ నంబర్ తీసుకున్నా తీసుకోవచ్చు. ఇప్పుడు 32768 కంటే కింద ఉన్న నంబర్లే వాడుతున్నాను.

రెండోది చిన్నది. ప్రతి కమాండ్‌కీ రెండు సెకన్లు ఆలస్యం అయ్యేది, రెండు వందల కమాండ్లు పంపితే ఆరు నిమిషాలకి పైనే. స్క్రిప్ట్‌లో లోకల్‌హోస్ట్ అన్న చోట 127.0.0.1 అని మార్చగానే పోయింది. లోకల్‌హోస్ట్ అంటే విండోస్ ముందు ఐపీవీ6 అడ్రస్ ::1 దగ్గరికి వెళ్తుంది, సర్వర్ అక్కడ లేదు, రిఫ్యూజ్ అయినా కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నించి, అప్పుడు ఐపీవీ4కి వస్తుంది. ఆ రెండు సెకన్లు అక్కడ పోతున్నాయి.

లైసీన్23

మళ్లీ నేనే. నోడ్ పేరు పెట్టాను, హెక్స్‌డంప్‌లో 00 00 00 04 02 00 00 00 కళ్లారా చూశాను! నిజంగా చాలా సంతోషం వేసింది.

కానీ వీఎండీలో ఇంకా రావడం లేదు. కనెక్ట్ అయిందంటుంది, గ్రోమాక్స్ కూడా కదిలింది, వెంటనే తెగిపోతుంది. పోర్ట్‌లో ఇంకేమైనా మిగిలిందా? టన్నెల్ మధ్యలో ఏదైనా కోసేస్తోందా?

బీటాషీట్

ఈసారి లక్షణాలు చదివే చెబుతున్నాను :) ఇది పోర్ట్ కాదు. వీఎండీలో ఏ ఫైల్ లోడ్ చేశారు? నీళ్లతో సహా పూర్తి గ్రో ఫైలా (గ్రోమాక్స్ కోఆర్డినేట్ల ఫైలు)?

లైసీన్23

అవును అండి, పూర్తి సిస్టమ్.

బీటాషీట్

అదే కారణం. ఐఎండీ కోఆర్డినేట్లు మాత్రమే పంపుతుంది, ఏది ఏ పరమాణువో చెప్పదు. వరుసలో మొదటి మూడు సంఖ్యలు మొదటి పరమాణువువి, తర్వాతి మూడు రెండోదానివి, అంతే. ఒక్కో పరమాణువుకి 12 బైట్లు. గ్రోమాక్స్ పంపేది మీరు ఐఎండీ గ్రూప్‌లో పెట్టిన ప్రొటీన్, లైగండ్ పరమాణువులనే. వీఎండీ దగ్గర ఉన్న ఫైల్లో నీళ్లు కూడా ఉన్నాయి. లెక్క కుదరక అది వదిలేస్తోంది.

గ్రోమ్‌ప్‌లో (రన్‌కి ముందు ఇన్‌పుట్ సిద్ధం చేసే గ్రోమాక్స్ కమాండ్) ఐఎండీ అనే అవుట్‌పుట్ ఆప్షన్ ఉంది, అది ఐఎండీగ్రూప్ డాట్ గ్రో అనే ఫైల్ రాస్తుంది, అందులో ఆ గ్రూప్ పరమాణువులే అదే వరుసలో ఉంటాయి. వీఎండీలో దాన్ని లోడ్ చేసి కనెక్ట్ చేయండి.

నీళ్లు కూడా చూడాలని గ్రూప్‌లో మొత్తం సిస్టమ్ పెట్టాలనిపిస్తే ముందు లెక్క వేసుకోండి. లక్ష పరమాణువులంటే ఒక్క ఫ్రేమ్‌కి 12 లక్షల బైట్లు. సెకనుకి పది ఫ్రేములంటే టన్నెల్ మీద చాలా బరువు, మౌస్‌తో లాగితే ఎప్పటికో కదులుతుంది. వీఎండీలో ఐఎండీ ట్రాన్స్‌ఫర్ కమాండ్‌తో ఎన్ని స్టెప్పులకి ఒకసారి పంపాలో పెంచుకోవచ్చు, అయినా గ్రూప్ చిన్నగా ఉండడమే మేలు.

ప్రోలీన్‌మలుపు

ఇంతసేపూ చదువుతున్నాను, ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ పోర్టుల్లో దేనికీ పాస్‌వర్డ్ లేదు.

మేం ఒక పంచుకునే నోడ్ మీద పనిచేసేవాళ్లం. నా సిమ్యులేషన్ 8888 మీద వింటోంది, ఇంకొకరు తమదనుకుని అదే నోడ్‌లో 8888కి వీఎండీతో కనెక్ట్ అయ్యారు. వాళ్లకి పరమాణువుల సంఖ్య కలవలేదు కాబట్టి సరిపోయింది. కలిసి ఉంటే వాళ్లు మౌస్‌తో ఇచ్చిన బలాలు నా ప్రొటీన్ మీద పడేవి, నాకు తెలిసేది కూడా కాదు, ఆ ట్రాజెక్టరీతోనే (రన్‌లో నమోదైన కదలికలు) విశ్లేషణ చేసేదాన్ని. దీని గురించి ఆలోచిస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

గ్రోమాక్స్ ఆ నోడ్‌కి ఉన్న అన్ని నెట్‌వర్క్ అడ్రసుల మీదా వింటుంది, లోకల్‌హోస్ట్‌కి పరిమితం కాదు. ఐఎండీటర్మ్ ఆన్ చేస్తే కనెక్ట్ అయినవాళ్లు ఎవరైనా రన్‌ని ఆపేయొచ్చు. అవసరం లేకపోతే పెట్టకండి. లాగే పని లేకుండా చూడడమే అయితే ఐఎండీపుల్ కూడా వద్దు, వెయిట్ ఒక్కటి చాలు. నేనిప్పుడు జాబ్ నంబర్‌ని 20000తో భాగించి వచ్చిన శేషానికి 10000 కలిపి దాన్నే ఐఎండీపోర్ట్‌గా ఇస్తాను. ఎప్పుడూ 10000కీ 29999కీ మధ్యలోనే పడుతుంది, స్ఫటిక గారు చెప్పిన తాత్కాలిక పోర్టుల కిందే ఉంటుంది, ఇద్దరిదీ ఒకటే అయ్యే అవకాశం చాలా తక్కువ.

హీమ్‌రింగ్

పైమాల్‌కి కూడా ఇదే వర్తిస్తుందా? ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి పంపడానికి పైమాల్ ఆర్‌పీసీ హోస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 0.0.0.0 చేద్దామనుకుంటున్నాను.

సాకెట్‌మిత్ర

వద్దు, దయచేసి చేయకండి. పైమాల్ కమాండ్ లైన్ అంటే పూర్తి పైథాన్. ఆ పోర్ట్ దాకా రాగలిగిన ఎవరైనా మీ యూజర్ అకౌంట్‌తో ఏ కోడ్ అయినా నడపగలరు, మీ ఫైళ్లు చదవగలరు, చెరపగలరు. కైమెరాఎక్స్ రెస్ట్ సర్వర్ సంగతీ అంతే, అది స్క్రిప్ట్ ఫైళ్లు తెరవగలదు. వాళ్లు డిఫాల్ట్‌గా 127.0.0.1కే కట్టేసి ఉంచారంటే కారణం ఇదే. ఇంకో కంప్యూటర్ నుంచి కావాలంటే మళ్లీ ఎస్ఎస్‌హెచ్ టన్నెలే, అది మీరెవరో అడిగి లోపలికి పంపిస్తుంది.

ఇదే కారణంతో క్లస్టర్ అడ్మిన్‌ని 8888 తెరవమని అడగడం కూడా మంచిది కాదు, బీటాషీట్ గారు ఏమీ అనుకోవద్దు. కొన్ని చోట్ల ఎస్ఎస్‌హెచ్ టన్నెల్స్‌ని కూడా ఆపేస్తారు, అప్పుడు అడ్మినిస్ట్రేటివ్‌లీ ప్రొహిబిటెడ్ అని స్పష్టంగా వస్తుంది. ఆ మాట కనిపిస్తే అడ్మిన్‌కి రాయండి, ఆ ఎర్రర్ లైన్ యథాతథంగా పెట్టి.

బీటాషీట్

అనుకోవడానికేముంది, నిజమే కదా.

హీమ్‌రింగ్

సరే అండి, టన్నెలే పెడతాను. విండోస్‌లో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ని ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి ఇన్‌స్టాల్ చేసుకున్నాను, నడుస్తోంది.

లైసీన్23

వచ్చేసింది!!

ఐఎండీగ్రూప్ ఫైల్ లోడ్ చేసి కనెక్ట్ కొట్టగానే ప్రొటీన్ మొత్తం వణకడం మొదలుపెట్టింది. ఆ సైడ్ చైన్లు అలా ఊగుతుంటే ఇన్నాళ్లూ రన్ అయిపోయాక చూసిన ట్రాజెక్టరీలకీ దీనికీ ఎంత తేడానో. లైగండ్‌ని పట్టుకుని లాగాను, మొదట అస్సలు కదల్లేదు. బలం పెంచితే ఒక ఆర్జినీన్ దానితో పాటు కొంచెం బయటికి వచ్చి, తర్వాత వదిలేసి వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఆర్జినీన్ పట్టుకుని ఉందని నాకు ఇంతవరకు తెలియదు, స్టాటిక్ బొమ్మలో ఆ రెండూ అంత దగ్గరగా కనిపించవు. చేత్తో లాగినది కాబట్టి ఇదే రుజువు అనను, ఆ జత మీద ఇప్పుడు సరిగ్గా ఒక పుల్లింగ్ రన్ వేయాలి.

ప్రోలీన్‌మలుపు అక్కా, మీ లెక్క ప్రకారం పోర్ట్ 17342 వచ్చింది, అదే పెట్టాను. సాకెట్‌మిత్ర అన్నా, కాన్ఫిగ్‌లో ఆ ఎగ్జిట్ లైన్ కూడా పెట్టేశాను. ఇంకొకటి అడగాలి. వీఎండీ మూసేస్తే రన్ ఆగిపోతుందా, లేక రాత్రంతా నడవనిచ్చి పొద్దున మళ్లీ కనెక్ట్ అవ్వొచ్చా?

బీటాషీట్

వీఎండీలో డిటాచ్ కొట్టి బయటికి రండి, కిల్ కాదు. ఐఎండీటర్మ్ పెట్టలేదు కాబట్టి కిల్ నొక్కినా గ్రోమాక్స్ వినదు. కానీ మీరు ఐఎండీవెయిట్ పెట్టారు, అది ఉంటే డిటాచ్ అయ్యాక మళ్లీ ఎవరో ఒకరు కనెక్ట్ అయ్యేదాకా రన్ ఆగి కూర్చునే అవకాశం ఉంది. రాత్రంతా నడపాలంటే చెక్‌పాయింట్ (రన్ మధ్యలో దాచిన స్థితి) నుంచి వెయిట్ లేకుండా, పుల్ ఒక్కటే ఇచ్చి మళ్లీ మొదలుపెట్టండి. పొద్దున టన్నెల్ వేసే ముందు నోడ్ పేరు మళ్లీ చూసుకోండి, కొత్త జాబ్‌కి వేరే నోడ్ దొరకొచ్చు, జాబ్ నంబర్ మారుతుంది కాబట్టి పోర్ట్ కూడా.